వానతోడు

సుభాషిణి సంపు మూత పక్కకు జరిపి, గరిటెడు పచ్చటి నీళ్లు అందులోకి వొంపింది.

"అంతేనా?" అన్నాడు ఆమె భర్త ఓబులేసు. లుంగీ ఎగ్గట్టి, చేతిలో గునపంతో, ఏదో పెద్ద పని జరగబోతోందని ఎదురుచూసిన మనిషి కాస్త చిన్నబోయాడు.

"అంతే. పాలల్లో తోడేసినట్టే. రెండు రోజులు కదిలించకుండా వదిలేయండి. అదే పెరుగుతుంది."

మిద్దె మీద పడ్డ వాన పైపులోంచి ఇంకా సన్నగా సంపులోకి కారుతోంది. గుండ్లకొత్తూరులో ఆ ఏడాదికి అదే మొదటి మంచి వాన. పెరట్లో ఓబులేసు వారం ముందే మడులు కట్టి పెట్టుకున్నాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు కాబట్టి మడులు కూడా పిల్లల వరసల్లా తీరుగా ఉన్నాయి.

ఊరి చుట్టూ నల్లరాతి గుట్టలు. ఆ బండల పగుళ్లలో ఒక నాచు ఉంటుంది. ఎండాకాలమంతా మాడిపోయిన అట్టు పెచ్చులా పడి ఉంటుంది. నాలుగు చినుకులు రాలితే కళ్ల ముందే పచ్చబడుతుంది. మెట్ట పంటల పరిశోధన కేంద్రంలో చేరిన నాటి నుంచీ సుభాషిణి ఆ నాచు వెంటే పడింది. దాన్ని బతికిస్తున్నది దాని మీద కాపురముండే ఒక సూక్ష్మజీవి అని చివరికి తేల్చింది. ఆ జీవికి బోరు నీళ్ల ఉప్పు పడదు, వాననీళ్లలో మాత్రమే పెరుగుతుంది. ఆ నీళ్లు మొక్క మొదట్లో పోస్తే వేళ్లలోకి చేరి, ఎండ ఉన్నంతసేపూ ఆకు మీది సన్నటి రంధ్రాలు మూసి ఉంచుతుంది. మొక్క తాగిన నీరు మొక్కలోనే ఉంటుంది. పది బిందెలు అడిగే బీరపాదు ఒక్క బిందెతో సరిపెట్టుకుంటుంది.

కేంద్రం దానికి ఒక అంకె పెట్టింది. ఊళ్లో వాళ్లకు ఆ అంకె నోరు తిరగలేదు. వానతోడు అన్నారు. ఆ పేరే నిలిచింది.

*

మార్చి వచ్చేసరికి ఊరంతా మట్టిరంగుకు తిరిగింది. కానుగ చెట్లు తప్ప పచ్చగా కనిపించేది ఏదీ లేదు. వానతోడు వేసిన పాతిక ఇళ్ల పెరళ్లు మాత్రం శ్రావణమాసంలో ఉన్నట్టే ఉన్నాయి. సుభాషిణి వాళ్ల పందిరి నిండా బీరకాయలు వేలాడుతున్నాయి. వంకాయలు, గోరుచిక్కుళ్లు, నిలువెత్తు గోంగూర. సంపులో నీళ్లు సగానికి కూడా దిగలేదు.

రోజూ రెండు పూటలా అవే కూరలు. కూతురు తన్మయి మాత్రం ముట్టుకునేది కాదు. మూడో తరగతి పిల్ల. పెరుగన్నంలో ఊరగాయ, లేకపోతే ఉత్త పప్పు. కూరగాయ కంటపడితే కంచం పక్కకు నెట్టేది.

"మీ అమ్మ లోకానికి పెడతాంది, నువ్వు తినవు," అని ఓబులేసు బతిమిలాడేవాడు. చివరికి కూతురి వంతు కూడా తనే లాగించేవాడు.

కుళ్లాయమ్మ బజారులో ఆకుకూరలు అమ్ముతుంది. ప్రయోగానికి మొట్టమొదట ఒప్పుకున్న ఇల్లు ఆమెదే. ఒకరోజు ఒడి నిండా టమాటాలతో వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మా చెల్లెలు ఆదెమ్మ ఉండాది గదా మేడమ్మా, చింతగుంతపల్లెలో. దానికి చెంబెడు తోడు ఇచ్చినా. ఇప్పుడు ఆ పల్లెంతా అదే. ఒక తొట్లోంచి ఇంకో తొట్లోకి, అట్ల పోతానే ఉండాది."

"ఎందుకిచ్చినావు కుళ్లాయమ్మా? ఇంకా పరీక్షలు చేస్తాండాం. బయటికి పోకూడదని చెప్పినా కదా."

"పక్కింట్లో తోడడిగితే ల్యాదని యాడన్నా అంటారా?"

సుభాషిణి గట్టిగా మందలించాలనుకుంది గాని ముఖం మీదికి నవ్వు వచ్చేసింది. కేంద్రం ఇచ్చే అనుమతి కాగితాల కోసం కాచుకోకుండా తన తోడు చెంబుల్లో, లోటాల్లో ఊళ్లు దాటి పోతోంది. ఏ పరిశోధకురాలికి ఆ భాగ్యం పడుతుంది? ఆ సాయంత్రం టమాటా పచ్చడి నూరుతూ భర్తతో ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయింది.

*

బట్టలు ఉతికేటప్పుడు ఆమెకు మొదటి అనుమానం వచ్చింది.

ఓబులేసు తెల్ల టీషర్టులంటే ఆమెకు ఎప్పుడూ చాకిరే. మైదానంలో పిల్లలతో పరుగెత్తి వచ్చేసరికి వీపు మీద ఉప్పు చారలు కట్టి ఉండేవి. నానబెట్టి బ్రష్షుతో రుద్దితే తప్ప పోయేవి కావు. ఆ ఆదివారం బకెట్లోంచి టీషర్టు తీసి చూస్తే చార లేదు. ఇంకోటి తీసింది. దుమ్ము ఉంది, చార లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చెమట వాసనే లేదు.

"ఏమండీ, ఈ వారం గ్రౌండుకు పోలేదా?"

"రోజూ పోతినే. జోనల్ పోటీలకు పిల్లోళ్లను తయారు చేస్తాండా కదా." ఓబులేసు హుషారుగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఒక మాట చెప్పాల నీకు. మనకు వయసు వెనక్కి పోతాంది సుభా! రెండు గంటలు ఎండలో ఉన్నా చుక్క చెమట పట్టదు. దాహం కాదు. నీళ్ల బాటిలు తీసుకుపోయేదే మానేసినా."

సుభాషిణి సబ్బు చేత్తోనే అతని నుదురు తాకింది. పొడిగా, వెచ్చగా ఉంది. తర్వాత తన మెడ తడుముకుంది. పెరట్లో ఎండలో కూర్చుని గంటసేపు బట్టలు ఉతికింది. మెడ కూడా పొడిగానే ఉంది.

లేచి వంగమడి దగ్గరికి నడిచింది. నడినెత్తిన సూర్యుడు. ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుంది. పొయ్యి మీంచి దించిన పళ్లెంలా చురుక్కుమంది. మామూలు ఆకు ఎంత ఎండలోనైనా చల్లగానే ఉంటుంది, నీటిని ఆవిరిగా వదిలి తనను తాను చల్లబరుచుకుంటుంది కాబట్టి. ఈ ఆకు వదలదు. ఆ సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. మొక్క తట్టుకుంటోంది కదా అని దాన్ని గురించి అంతకు మించి ఆలోచించలేదు. వేలు చురుక్కుమన్న ఆ నిమిషంలో మొదటిసారి ఆకు మీంచి ఆలోచన మనిషి మీదికి మళ్లింది.

*

కేంద్రంలో జంతువుల విభాగం చూసేది డాక్టర్ ఇంతియాజ్. సుభాషిణి చెప్పింది విని నవ్వలేదు. ఎలుకలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆమె పెరటి కూరలూ, ఇంకో గుంపుకు మార్కెట్ కూరలూ పెట్టాడు. కొన్నాళ్లు పోయాక రెండు పెట్టెల మీదా వేడి దీపాలు వెలిగించాడు.

"ఎలుకకు చెమట పట్టదు మేడమ్. వేడెక్కితే ఉమ్మితో ఒళ్లు నాక్కుంటుంది. అదే దాని చెమట," అన్నాడు.

మార్కెట్ కూరలు తిన్న ఎలుకలు కాసేపటికే గాభరా పడ్డాయి. గబగబా ఒళ్లు నాక్కున్నాయి. నీళ్ల గొట్టం దగ్గర ఒకదాన్నొకటి తోసుకున్నాయి. రెండో పెట్టెలోవి కదల్లేదు. నీళ్ల పక్కనే పడుకున్నాయి గాని మూతి పెట్టలేదు. ఒక్కటీ నాక్కోలేదు. భోజనం చేసి కునుకు తీస్తున్నట్టు కళ్లు మూసుకున్నాయి. ఇంతియాజ్ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వేలితో కదిపాడు. తల వాలిపోయింది.

"బాధ కూడా తెలీలేదు వీటికి," అన్నాడు మెల్లగా. "శరీరం మసిలిపోతున్నా, అంతా బాగుందనే అనుకున్నాయి."

ఇంకా పరీక్ష చేస్తే కడుపులో ఆ జీవి కనబడింది. వండినా దాని గింజలాంటి దశ చావడం లేదు. పేగుల్లో స్థిరపడి, మొక్కకు ఇచ్చిన ఆజ్ఞనే ఒంటికీ ఇస్తోంది. నీరు వదలొద్దు. తినడం మానితే పోతుంది గాని, నెలలు పడుతుంది.

"బయట ఎంత ఎండ ఉంది?" అంది సుభాషిణి.

ఇంతియాజ్ కిటికీ వైపు చూశాడు. ఏప్రిల్ ఇంకా సగం కూడా కాలేదు. గుట్టల మీద గాలి అద్దంలా ఊగుతోంది.

"ఊళ్లో ఇప్పటికే ముగ్గురు పోయినారు మేడమ్. వడదెబ్బ అన్నారు. ఏటా పోతారు కదా అని ఎవరూ పట్టించుకోలేదు."

*

కేంద్రం అధికారి ఇంకోసారి పరీక్ష చేయమన్నాడు. సుభాషిణి ఆయన గదిలోంచి బయటికొచ్చి, ఆ మధ్యాహ్నమే ఆటోకు మైకు కట్టించి ఊరంతా తిరిగింది. పెరటి కూరలు తినొద్దని చెప్పింది. ఎండలోకి పోవద్దనీ, ఒంటి మీద తడిబట్ట ఆరనీయొద్దనీ చెప్పింది. లోపలి నుంచి చెమట రానప్పుడు పైనుంచి నీళ్లు పోసుకోవడం ఒక్కటే దారి.

కొందరు విన్నారు. కొందరు తలుపు సందులోంచి చూసి నవ్వారు. దాహమే కాని వాళ్లకు జబ్బు ఉందంటే ఎలా నమ్ముతారు? ఎన్నడూ లేనంత హాయిగా ఉన్నామని వాళ్లు అనుకుంటున్నారు.

కుళ్లాయమ్మ నమ్మింది. మైకు మాట విన్న వెంటనే తన పెరట్లోని టమాటా మొక్కలన్నీ వేళ్లతో సహా పీకి కుప్ప పోసింది. మరునాడు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"చింతగుంతపల్లెలో కరువు పని కాడ నలుగురు పడిపోయినారంట మేడమ్మా! మట్టి తవ్వుతా తవ్వుతా అట్లే కూలబడినారంట. ఆదెమ్మ మొగుడు పోయినాడు. ఇంకా సగం పల్లెకు ఒళ్లు కాలిపోతాంది."

"తడిపినారా వాళ్లను?"

"యాడివమ్మా నీళ్లు? దప్పికే లేదని ట్యాంకరును రావద్దనిరి. బోరు ఎండిపోయి ఎన్నాళ్లాయనో, తొట్లల్లో నీళ్లు గూడా అయిపాయ."

వరండాలో తడి తువ్వాలు భుజాల మీద కప్పుకుని కూర్చున్న ఓబులేసు లేచాడు. సుభాషిణి అతన్ని బడికి సెలవు పెట్టించి ఇంట్లోనే కూర్చోబెట్టింది. రెండు రోజులుగా ఇల్లు దాటని మనిషి.

"మన సంపులో ఉండాయి కదా నీళ్లు," అన్నాడు.

"ఒంటి మీద పోసేదానికి పనికొస్తాయి. కానీ మీరు పోవద్దండి. ఇంకెవరినైనా పంపిద్దాం."

"ఎవరిని పంపిస్తావు? ఊళ్లో సగంమంది నా మాదిరే. మిగిలినోళ్లు నమ్మరు." చెప్పులు వేసుకుంటున్నాడు. "తువ్వాలు తడుపుకుంటా పోతా. నీళ్ల పక్కనే ఉంటా కదా సుభా, నాకేమైతాది? నువ్వు ఇంతియాజ్‌తో కలిసి జిల్లా ఆఫీసుకు పో. పగటి పూట కరువు పని నిలిపేయించు. నువ్వు చెప్తేనే వాళ్లు వింటారు."

అతను చెప్పిందాంట్లో తప్పేమీ కనబడలేదు. సుభాషిణి అతని తలను తన చేత్తో తడిపింది. తువ్వాలు ముంచి పిండకుండా మెడ చుట్టూ చుట్టింది. సంపులోంచి నీళ్లు ట్రాక్టరు ట్యాంకరుకు ఎక్కాయి. కుళ్లాయమ్మ డ్రైవరు పక్కన కూర్చుంది. ఓబులేసు ట్యాంకరు వెనక నిలబడి, బయల్దేరుతూ తన్మయికి చెయ్యి ఊపాడు.

జిల్లా ఆఫీసులో సుభాషిణి తడి కొంగు తల మీద కప్పుకునే చాలాసేపు వాదించింది. ఇంతియాజ్ చచ్చిన ఎలుకల ఫొటోలు బల్ల మీద పరిచాడు. కుర్చీల్లోని వాళ్లు మొదట విసుక్కున్నారు. తర్వాత ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎండ పడమటికి వాలే వేళకు, చుట్టుపక్కల మండలాలన్నిటా పగటి కరువు పని ఆపేస్తూ ఉత్తర్వు బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే కాళ్లు తేలికైనట్టు అనిపించింది. భర్తకు చెబుదామని ఫోను తీసింది. అంతలో అదే మోగింది.

కుళ్లాయమ్మ. వెనక ఎవరో ఆడమనిషి అరుస్తోంది.

"సారు..." అంది. "అందరికీ పోసినాడు మేడమ్మా. మంచాల మీద పండబెట్టి ఒక్కొక్కరికీ కుండలతో పోసినాడు. అడుగున మిగిలిన నీళ్లు నా మింద కుమ్మరించినాడు. నువ్వూ తినినావు కదా అని. మరి మీకు సారూ అంటే, నాకు బానే ఉండాది, ఏం కాలేదు అన్నాడు. ఖాళీ ట్యాంకరు నీడన కూచున్నాడు. అలిసిపోయినాడేమోలే అనుకున్నా. నేను అట్లే అనుకున్నా మేడమ్మా."

*

చింతగుంతపల్లెలో ఆ రోజు తర్వాత ఎవరూ పోలేదు. ఆ మాట సుభాషిణితో చాలామంది అన్నారు, ఓదార్పుగా.

ఓబులేసును తెచ్చి వరండాలో పడుకోబెట్టారు. అతని మెడలో తువ్వాలు ఎండి, అట్ట కట్టి ఉంది. బడి పిల్లలు వరసగా వచ్చి దండం పెట్టుకున్నారు. సుభాషిణి అతని తల దగ్గర కూర్చుంది. గుండెలో ఏదో పైకి తన్నుకొచ్చింది. ఏడవబోతే ముఖం వంకర్లు పోయింది. కళ్లు మాత్రం ఇసుక పోసినట్టు మండాయి. అంతే.

"చుక్క తడి లేదు సూడు కండ్లల్లో," అన్నది గోడవారగా నిలబడ్డ ఒకామె, పక్కామెతో. "సదువుకున్నోళ్ల గుండె అట్లుంటాది."

సుభాషిణికి వినబడింది. ఆ జీవి చెమటను మూసింది, ఉమ్మిని మూసింది, కన్నీటిని మాత్రం ఎందుకు వదిలేస్తుంది? ప్రయోగశాలలో ఆ ప్రశ్న అడగాలని ఆమెకు తోచలేదు. ఇప్పుడు జవాబు తన ముఖం మీదే ఉంది. తన్మయి వెక్కి వెక్కి ఏడుస్తూ వచ్చి ఒళ్లో పడింది. సుభాషిణి కూతురి తడిసిన చెంపను తన చెంపకు అదుముకుంది.

*

జూన్‌లో వానలు పడ్డాయి. మిద్దెల మీది నీళ్లు మళ్లీ సంపుల్లోకి, తొట్లల్లోకి దిగాయి. అడుగున మిగిలిన తడిలోంచి తోడు దానంతట అదే మళ్లీ పెరిగింది.

కేంద్రం సుభాషిణిని పనిలోంచి తప్పించింది. విచారణ కమిటీ పిలిచినప్పుడు వెళ్లి అడిగినవన్నీ చెప్పింది. మిగిలిన రోజుల్లో బ్లీచింగ్ పౌడరు సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరిగింది. ఆ పొడి ఒక్కటే దాన్ని చంపుతుంది. మొదట్లో కుళ్లాయమ్మ తోడు వచ్చేది. రానురాను మానేసింది.

"నాకు చాతకాదమ్మా," అంది ఒకరోజు ముఖం తిప్పుకుని. "మొన్న ఒకామె తొట్టి ముందర నిలబడి ముగ్గురు పిల్లోళ్లతో ఏడ్చింది కదా. ఎండాకాలం వాళ్లకు ఏం పెట్టాల? నువ్వు చెప్పు. పాదు పీకమంటావు. పీకినంక ఏం తినాల?"

ఆ రోజు నుంచి సుభాషిణి ఒంటరిగానే తిరిగింది. కొందరు ఆమెను చూసి తొట్టి మూత తెరిచేవారు. కొందరు అటక మీద లోటా దాచి, ఆమె వెళ్లాక మళ్లీ వేసుకునేవారు. కొన్ని ఊళ్ల నుంచి తోడు అప్పటికే కర్ణాటక సరిహద్దు దాటిపోయిందని తెలిసింది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఆమె తనెప్పుడూ పేరు వినని ఒక పల్లెలో బస్సు దిగింది. మొదటి ఇంట్లోనే పచ్చటి పెరడు కనబడింది. ఇంటావిడ చిన్న వయసుది, చంకలో బిడ్డ. సుభాషిణిని పట్నం నుంచి చూడటానికి వచ్చిన మనిషి అనుకుని సంబరపడింది.

"వానతోడు అంటారక్కా దీన్ని. పాలల్లో తోడేసినట్టే, ఇంత వేస్తే సాలు. మీకూ కావాల్నా? సీసా ఉంటే ఇస్తా."

"ఎవరిచ్చినారమ్మా నీకు?"

"మా వదిన. ఆమెకు వాళ్లమ్మ ఇచ్చిందంట."

సుభాషిణి తను ఎవరో చెప్పింది. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. వినేంతవరకూ విని, బిడ్డను దించి, తొట్టికి అడ్డంగా నిలబడింది. మాటా మాటా పెరిగింది. ఇంట్లోంచి మామ వచ్చాడు. చింతగుంతపల్లె పేరు ఆయన విని ఉన్నాడు. కోడలిని పక్కకు లాగి, "కానియ్యమ్మా," అన్నాడు సుభాషిణితో. పౌడరు పడగానే నీళ్లు తెల్లగా నురగ కట్టాయి. ఆ అమ్మాయి ఒక్కో పాదూ తనే పీకుతూ, సుభాషిణిని నోటికొచ్చినట్టు తిట్టింది. నీ ఇల్లు ఎండిపోను అంది. సుభాషిణి ఆ మాట కూడా నిలబడి విని, సంచి మూతి కట్టుకుని బయటికి నడిచింది.

బస్సు ఆగే చోటు దాకా ఎండలో దూరం నడవాలి. సగం దారిలో కనుబొమ్మ మీద ఏదో పాకినట్టయితే చీమ అనుకుని చేత్తో తుడుచుకుంది. వేలు తడి అయింది. ఆగిపోయింది. మెడ వెనక చెయ్యి పెట్టుకుంది. అక్కడా తడి. రవిక వీపుకు అంటుకుని ఉంది. వేలిని నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

ఎలాగో బస్సు షెల్టరు దాకా వచ్చి అరుగు మీద కూలబడింది. అప్పుడు మొదలైంది. ఆపుకోవాలనుకోలేదు, ఆపుకున్నా ఆగేలా లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, పసిపిల్లలా ఎలుగెత్తి ఏడ్చింది.

మేకలు తోలుకుపోతున్న ముసలామె ఒకతె కర్ర గోడకు ఆనించి దగ్గరికి వచ్చింది.

"యాలమ్మా? ఏమాయ?"

"మా ఇంటాయన పోయినాడవ్వా."

"అయ్యో తల్లీ! ఎప్పుడమ్మా?"

"ఏప్రిల్‌లో."

ముసలామె వేళ్లు మడుస్తూ మనసులో నెలలు లెక్క వేసుకుంది. అర్థంకానట్టు సుభాషిణి ముఖంలోకి చూసింది. మేకలను అదిలించి చెట్టు కిందికి తోలి, వచ్చి ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది.